ఐర్లాండ్‌లో ఏ ఊళ్లో కాపురం పెట్టాలి: పగలంతా ఇంట్లో ఉండేవాళ్ల లెక్క

మేం ఐర్లాండ్‌కి ఒక ఆగస్టులో వచ్చాం. మా ఆయన ఆఫీసు డబ్లిన్‌లో. అక్కడి అద్దెలు చూసి కళ్లు తిరిగి, నగరానికి పడమర వైపున్న ఒక ఊరి శివార్లలో కొత్త ఎస్టేట్‌లో ఇల్లు తీసుకున్నాం. ఇక్కడ ఎస్టేట్ అంటే తోటలు, పొలాలు కాదు. ఒకే మూసలో కట్టిన ఇళ్ల కాలనీ. ఇల్లు బాగుంది, వెనక చిన్న పెరడు ఉంది, రాత్రి తొమ్మిదింటిదాకా వెలుతురు. ఇంకేం కావాలి అనుకున్నాం.

నవంబర్ వచ్చాక తెలిసింది. సూపర్‌మార్కెట్ రెండున్నర కిలోమీటర్లు. ఫుట్‌పాత్ సగం దారిలో ఆగిపోతుంది. అక్కడి నుంచి రోడ్డు, పక్కన పొదల కంచె, మలుపు తిరిగి వేగంగా వచ్చే కార్లు. తోపుడు బండిలో పాప. నాకు ఇక్కడి డ్రైవింగ్ లైసెన్స్ లేదు. మధ్యాహ్నం నాలుగున్నరకే చీకటి. మా ఆయనకు మాత్రం ఆ ఊరు బ్రహ్మాండంగా ఉండేది, పొద్దున ఏడింటికి రైలెక్కి రాత్రి ఏడింటికి దిగేవారు కాబట్టి.

ఊరు ఎంచుకునేటప్పుడు అందరం ఆఫీసుకి వెళ్లేవాళ్ల ప్రయాణాన్నే లెక్కేస్తాం. పగలంతా ఆ ఊళ్లోనే గడపాల్సినవాళ్లను లెక్కలోకి తీసుకోం. రెండోసారి ఇల్లు మారేటప్పుడు నేను ఆ లెక్కతోనే మొదలుపెట్టాను. ఇక్కడ రాస్తున్నది ఆ వరుసే.

మొదటి అడుగు: దేశం సైజు అర్థం చేసుకోండి

ఐర్లాండ్ దేశం మొత్తం దాదాపు 70 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ 1.12 లక్షలు. 2022 జనగణన ప్రకారం దేశ జనాభా 51.5 లక్షలు, అంటే హైదరాబాద్ జనం కంటే తక్కువ. అందులో డబ్లిన్ నగరం, శివార్లు కలిపి 12.6 లక్షలు. తర్వాత కార్క్ 2.2 లక్షలు, లిమరిక్ లక్షకు కాస్త పైన, గాల్వే 86 వేలు, వాటర్‌ఫర్డ్ 60 వేలు. నగరాలు అక్కడితో అయిపోయాయి. ఆ తర్వాత వచ్చే ద్రోహెడా 44 వేలు, డండాక్ 43 వేలు. 25 వేల జనం ఉంటే ఇక్కడ పెద్ద టౌన్ కిందే లెక్క.

కాబట్టి 'టౌన్' అన్న మాట వినగానే మన గుడివాడనో, సిద్దిపేటనో ఊహించుకోకండి. పదిహేను వేల జనం ఉన్న ఊళ్లో ఒకటే ప్రధాన వీధి ఉంటుంది. సాయంత్రం ఆరింటికి షట్టర్లు దించేస్తారు. తెరిచి ఉండేవి సూపర్‌మార్కెట్, పబ్బులు, ఒకటో రెండో చైనీస్ టేక్‌అవేలు. కొందరికి ఈ నిశ్శబ్దమే కావాలి. మరికొందరికి మూడో వారానికి పిచ్చెక్కుతుంది. మీరు ఏ రకమో మీకే తెలియాలి.

ఇంకో జాగ్రత్త: పైనున్న ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం. డండాక్ నుంచి అరగంట కూడా పట్టని న్యూరీలో సరుకులు చవక అని చెప్తారు. సరిహద్దు దగ్గర గేటూ ఉండదు, పోలీసూ ఉండడు. అయినా మన ఐరిష్ రెసిడెన్స్ కార్డుతో అటు వెళ్లే హక్కు రాదు, బ్రిటన్ వీసా కావాల్సిందే. సరిహద్దు ఊళ్లో ఉంటే ఈ సంగతి వారం వారం గుర్తొస్తుంది.

రెండో అడుగు: రెండో ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది?

మొదటి ఉద్యోగం ఎక్కడో ఆఫర్ లెటర్‌లోనే ఉంటుంది. ఆలోచించాల్సింది రెండో ఉద్యోగం గురించి. క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ (కొరత ఉన్న నైపుణ్యాలకు ఇచ్చే ఉద్యోగ అనుమతి) మీద వచ్చినవాళ్ల భార్య లేదా భర్తకు స్టాంప్ 1జీ అనే నివాస అనుమతి వస్తుంది, వేరే పర్మిట్ లేకుండా పని చేసుకోవచ్చు. 2024 మే నుంచి జనరల్ పర్మిట్ (మిగతా ఉద్యోగాలకు ఇచ్చేది) వాళ్ల జీవిత భాగస్వాములకూ ఈ వెసులుబాటు వచ్చింది. హక్కు ఉండి, ఊళ్లో పని లేకపోతే లాభం లేదు.

ఏ ఊరు దేనికి పేరో ఒకసారి చూడండి. లీక్స్‌లిప్ అంటే ఇంటెల్. గాల్వే అంటే వైద్య పరికరాలు: మెడ్‌ట్రానిక్, బోస్టన్ సైంటిఫిక్. కార్క్‌లో 1980 నుంచి ఆపిల్ ఉంది, రింగస్కిడ్డీ చుట్టూ మందుల ఫ్యాక్టరీలు. లిమరిక్‌లో చిప్‌ల కంపెనీ అనలాగ్ డివైసెస్, మందుల కంపెనీ రెజెనరాన్. అథ్లోన్‌లో ఎరిక్సన్. కార్లోలో మందుల కంపెనీ ఎంఎస్‌డీ. ఎక్కడో వాయవ్య మూలనున్న లెటర్‌కెనీలో టీసీఎస్ ఉంది, ఆ పేరు చూసి మనవాళ్లు చాలామంది ఉలిక్కిపడతారు.

ఒకే కంపెనీ మీద ఆధారపడిన ఊళ్లో ఇల్లు కొనడం కొంచెం ధైర్యంతో కూడిన పని. 2009 జనవరిలో డెల్ లిమరిక్‌లోని తయారీని పోలండ్‌కి తరలిస్తున్నామని చెప్పి 1900 ఉద్యోగాలు తీసేసింది. లిమరిక్ తర్వాత కోలుకుంది, ఇప్పుడు చాలా రకాల కంపెనీలున్నాయి. ఆ మధ్య సంవత్సరాల్లో ఇంటి అప్పు కట్టినవాళ్లను అడిగితే తెలుస్తుంది. కొత్త చట్టం వల్ల పర్మిట్ మీదున్నవాళ్లు తొమ్మిది నెలల తర్వాత కంపెనీ మారొచ్చు. ఇల్లు మారకుండానే మారగలరా అన్నది చూసుకోండి. గంటలోపు చేరుకోగలిగే దూరంలో మీ పనికి సరిపడే కంపెనీలు కనీసం మూడు లేకపోతే, అద్దెకుండండి గానీ కొనకండి.

నర్సులు, డాక్టర్లకు ఈ బాధ లేదు. వాళ్లకు ఊరంటే ఆసుపత్రే: ద్రోహెడా, తలమోర్, మలింగార్, ట్రలీ, స్లైగో, లెటర్‌కెనీ, కాజిల్‌బార్, అన్నిచోట్లా ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి.

మూడో అడుగు: గుమ్మం నుంచి కుర్చీదాకా ఎంతసేపు?

ప్రకటనల్లో 'డబ్లిన్‌కి 45 నిమిషాలు' అని రాస్తారు. అది ఆదివారం పొద్దున, ఖాళీ రోడ్డు మీద, నగరం అంచుదాకా. మీ లెక్క వేరు: ఇంటి గుమ్మం నుంచి స్టేషన్, స్టేషన్లో నిరీక్షణ, రైలు, దిగాక ఆఫీసు కుర్చీ. మంగళవారమో బుధవారమో ఈ ప్రయాణం ఒకసారి నిజంగా చేసి చూడండి. ఇంటి నుంచి పనిచేసే అలవాటు వచ్చాక ఆఫీసుకి ఎక్కువమంది వచ్చే రోజులు అవే.

డబ్లిన్‌లో రెండు పెద్ద స్టేషన్లున్నాయి. ఈ తేడా కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. ద్రోహెడా, డండాక్, మేనూత్, మలింగార్, స్లైగో, వెక్స్‌ఫర్డ్ రైళ్లు కానలీ స్టేషన్‌కి వస్తాయి, అది నగరం నడిబొడ్డున ఉంది. కార్క్, లిమరిక్, గాల్వే, అథ్లోన్, పోర్ట్‌లీష్, కిల్‌కెనీ రైళ్లు హ్యూస్టన్‌కి వస్తాయి. అది నగర కేంద్రానికి పడమర అంచున ఉంది, అక్కడి నుంచి లువాస్ ట్రామ్ ఎక్కాలి. మీ ఆఫీసు డబ్లిన్ దక్షిణ శివారు శాండీఫర్డ్‌లో ఉంటే హ్యూస్టన్‌లో దిగి ఒక ట్రామ్, మళ్లీ మారి ఇంకో ట్రామ్. పోర్ట్‌లీష్ నుంచి హ్యూస్టన్‌కి గంటలోపే రైలు ఉన్నా, మొత్తం రెండు గంటలు పట్టడం ఇందుకే. న్యూబ్రిడ్జ్, సాలిన్స్ వైపు నుంచి కొన్ని రైళ్లు మాత్రం ఫీనిక్స్ పార్క్ కింది సొరంగం గుండా నేరుగా గ్రాండ్ కెనాల్ డాక్‌కి వెళ్తాయి. ఆ పక్కనే ఉన్న గూగుల్ ఆఫీసు వైపు పనిచేసేవాళ్లకు అది వరం.

ఊరి పేరుతో స్టేషన్ ఉందంటే ఊళ్లో ఉందని కాదు. నేస్ ఊరి స్టేషన్ పక్కనున్న సాలిన్స్‌లో ఉంది. సెల్‌బ్రిడ్జ్ స్టేషన్ హేజిల్‌హాచ్‌లో ఉంది. నావన్ ముప్పై నాలుగు వేల జనమున్న ఊరు, ప్రయాణికుల రైలే లేదు. స్వోర్డ్స్ నలభై వేలు దాటిన ఊరు, అక్కడా లేదు. లెటర్‌కెనీ, కావన్, మోనహన్‌లకూ లేదు. 'రేపో మాపో వస్తుంది' అనే మాట నమ్మి ఇల్లు కొనకండి. స్వోర్డ్స్‌కి మెట్రో అని 2005లోనే చెప్పారు, 2011లో అటకెక్కించారు. ఇప్పుడు మెట్రోలింక్ పేరుతో మళ్లీ మొదలైంది. అది నడిచేసరికి మీ పాప కాలేజీకి వెళ్తుంది.

కారులో అయితే టోల్ కూడా రాసుకోండి. డబ్లిన్ చుట్టూ తిరిగే ఎం50 మీద గేటు ఉండదు, కెమెరా నంబర్ ప్లేటును పట్టుకుంటుంది. మర్నాడు రాత్రి ఎనిమిదిలోపు మీరే కట్టాలి, మర్చిపోతే జరిమానా. ఎం3 మీద నావన్ నుంచి డబ్లిన్‌కి ఒక టోల్. అదే కెల్స్ నుంచి అయితే రెండు.

ఇక లైసెన్స్. మన ఇండియా లైసెన్స్ ఇక్కడ ఏడాదిదాకా చెల్లుతుంది, మార్చుకోవడానికి మాత్రం కుదరదు. థియరీ పరీక్ష, లెర్నర్ పర్మిట్, పాఠాలు, ఆ తర్వాత టెస్టు తేదీ కోసం నెలల నిరీక్షణ. కొత్తవాళ్లకు కారు ఇన్సూరెన్స్ చూస్తే గుండె ఆగుతుంది. అందుకే మొదటి రెండేళ్లు ఇంట్లో కనీసం ఒకరు కారు లేకుండా బతకాల్సి వస్తుందని అనుకుని ఊరు ఎంచుకోండి.

నాలుగో అడుగు: ఇల్లు తీసుకునే ముందు మూడు ఫోన్లు

ఇల్లు దొరకడమే కష్టం కదా అని మిగతావన్నీ తర్వాత చూసుకుందాం అంటారు. నేను తలకిందులుగా చేయమంటాను. ఏదైనా ఊరు మనసులో పడగానే, అద్దె ఇళ్లు వెతకడానికి ముందే మూడు చోట్లకు ఫోన్ చేయండి.

ఒకటి, జీపీ క్లినిక్. ఇక్కడ ఫ్యామిలీ డాక్టర్ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. చాలా ఊళ్లలో 'కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదు' అంటారు. ఉన్న క్లినిక్‌లన్నీ ఇదే మాట చెప్తే, పిల్లకు జ్వరమొచ్చిన రాత్రి మీకు మిగిలేది ఆసుపత్రి ఎమర్జెన్సీ, వంద యూరోల ఫీజు, గంటలకొద్దీ కుర్చీలో కూర్చోవడం. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు జీపీ విజిట్ కార్డుతో డాక్టర్ దగ్గర ఫీజు ఉండదు, కానీ ముందు ఆ డాక్టర్ దొరకాలి. ఎమర్జెన్సీ ఏ ఊళ్లో ఉందో కూడా చూడండి. లిమరిక్ యూనివర్సిటీ హాస్పిటల్ రద్దీ వార్తల్లో రోజూ కనిపిస్తుంది. 2009లో ఎన్నిస్, నీనా ఎమర్జెన్సీలు మూసేశాక ఆ ప్రాంతమంతా అక్కడికే వెళ్లాల్సి వస్తోంది. అంటే ఎన్నిస్ ఎంత అందమైన ఊరైనా, ప్రాణం మీదికి వస్తే వెళ్లేది లిమరిక్‌కే.

రెండు, క్రెష్, అంటే పసిపిల్లలను పగలు చూసుకునే చోటు. ఏడాదిలోపు పిల్లకు చోటు దొరకడం లాటరీ లాంటిది. కొన్నిచోట్ల కడుపుతో ఉన్నప్పుడే పేరు రాయించుకుంటారు. ప్రీస్కూల్‌కి మాత్రం రెండేళ్లు ప్రభుత్వమే డబ్బు ఇస్తుంది, రోజుకి మూడు గంటలు. ఆ మూడు గంటల్లో ఏ ఉద్యోగం చేస్తారో నాకైతే అర్థం కాలేదు.

మూడు, స్కూలు. ప్రైమరీ స్కూళ్లలో పదింట దాదాపు తొమ్మిది కాథలిక్ చర్చి ఆధ్వర్యంలో నడుస్తాయి. భయపడాల్సిందేమీ లేదు, చదువు బాగుంటుంది. మతం పేరుతో సీటు నిరాకరించకుండా 2018లో నిబంధన మార్చారు కూడా. అయితే రెండో తరగతిలో ఫస్ట్ కమ్యూనియన్ అనే కాథలిక్ మత సంస్కారానికి తయారీ రోజులు వస్తాయి, మన పిల్లలు ఆ గంటలు పక్కన కూర్చుని బొమ్మలు గీస్తారు. అది ఇష్టం లేకపోతే చర్చితో సంబంధం లేని ఎడ్యుకేట్ టుగెదర్ స్కూలో, కమ్యూనిటీ నేషనల్ స్కూలో ఉన్న ఊరు చూసుకోండి. చిన్న ఊళ్లలో ఇవి ఉండకపోవచ్చు. ఐరిష్ భాషలోనే పాఠాలు చెప్పే గేల్‌స్కోల్‌లో మన పిల్లలు కూడా చక్కగా ఇమిడిపోతారు. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిష్, బడిలో ఐరిష్, మూడు భాషల్లో అల్లరి. ఇల్లు ఒక వీధి అటు ఇటు అయినా సీటు రావడం, రాకపోవడం మారుతుంది. ఏ స్కూలుకి ఏ ప్రాంతం కిందికి వస్తారో అడిగి తెలుసుకోండి.

ఐదో అడుగు: అద్దె, ఇంటి తీరు

డబ్లిన్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు నెలకు రెండు వేల యూరోలు దాటడం మామూలే. దూరం వెళ్లేకొద్దీ తగ్గుతుంది. రైలు పాసు, టోలు, రెండో కారు కలిపితే ఆ తగ్గింపులో సగం కరిగిపోతుంది. కాగితం మీద రెండు నిలువు గీతలు గీసి రాసుకోండి, అప్పుడే నమ్ముతారు.

అడ్వాన్స్ విషయంలో చట్టం మన వైపే ఉంది: ఒక నెల డిపాజిట్, ఒక నెల ముందు అద్దె, అంతకు మించి అడగకూడదు. 2025 జూన్ నుంచి అద్దె పెంపు మీద పరిమితి దేశమంతటికీ వర్తిస్తోంది, కాబట్టి చిన్న ఊరు కదా అని రక్షణ తక్కువ ఉండదు. 'నేను విదేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళం కొరియర్ చేస్తాను' అనేవాడు నూటికి నూరుపాళ్లు దొంగ. కంటితో చూడని ఇంటికి సెంటు కూడా పంపొద్దు. ఇండియా నుంచి వస్తున్నవాళ్లు మొదటి నెల హోటల్లోనో, ఎవరింట్లోనైనా ఒక గదిలోనో ఉండి వెతుక్కోవడమే మేలు.

ఇల్లు చూసేటప్పుడు బీఈఆర్ రేటింగ్, అంటే ఇల్లు ఎంత ఇంధనం తింటుందో చెప్పే గ్రేడు, అడగండి. ఏ1 నుంచి జీ దాకా ఉంటుంది. మన దేశంలో ఇంటికి గాలి, వెలుతురు చూస్తాం, ఇక్కడ వేడి నిలుస్తుందా లేదా చూడాలి. డీ, ఈ రేటింగ్ ఇల్లు అద్దెలో వంద తక్కువగా కనిపించి, చలికాలంలో రెండొందలు లాగేస్తుంది. స్లైగో, లెటర్‌కెనీ లాంటి ఊళ్లలో పైప్ గ్యాస్ లేదు. పెరట్లో పెద్ద ట్యాంకు, అందులో కిరోసిన్, అయిపోయే ముందు ఫోన్ చేసి లారీ తెప్పించుకోవాలి. బట్టలు ఆరేయడానికి చోటుందా, గోడ మూలల్లో నల్లటి బూజు మరకలున్నాయా చూడండి. కొత్తగా వేసిన తెల్ల పెయింట్ ఒక్క మూలలోనే ఉంటే అనుమానించాల్సిందే.

ఆరో అడుగు: వాన సంగతి, చీకటి సంగతి

ఐర్లాండ్ అనగానే వాన అంటారు. నిజానికి డబ్లిన్‌లో ఏడాదికి పడేది 750 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, హైదరాబాద్‌ని మించదు. తేడా ఏమిటంటే మనకు నాలుగు నెలల్లో కుండపోతగా పడేది, ఇక్కడ పన్నెండు నెలలూ తుంపరగా పడుతుంది. పడమటి తీరానికి వెళ్తే వెయ్యి దాటి పద్నాలుగు వందలదాకా పోతుంది. ఆగ్నేయ మూల, వెక్స్‌ఫర్డ్ వైపు, ఎండ కాస్త ఎక్కువ. ఒకే దేశంలో, మూడు గంటల దూరంలో, ఇంత తేడా ఉంది.

గాలి కూడా అంతే. 2025 జనవరి 24న వచ్చిన ఎవిన్ తుఫానులో గాల్వే తీరంలోని మేస్ హెడ్ దగ్గర గంటకు 183 కిలోమీటర్ల గాలి నమోదైంది, దేశ రికార్డు అది. 7.68 లక్షల ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. పడమరన కొన్ని పల్లెల్లో రావడానికి వారం దాటింది. సొంత బావి, దానికి మోటారు ఉన్న ఇళ్లలో నీళ్లు కూడా పోయాయి. ఊరి మధ్యలో ఉండటానికీ, ఊరి బయట అందమైన కొండ మీద ఉండటానికీ తేడా అలాంటి రోజుల్లోనే తెలుస్తుంది.

కాబట్టి ఊరు చూడటానికి జూన్‌లో వెళ్లకండి. జూన్‌లో ప్రతి ఐరిష్ ఊరూ పోస్ట్‌కార్డే. నవంబర్‌లో, సాయంత్రం ఐదింటికి వెళ్లండి. బస్సు దిగి ప్రధాన వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. దీపాలున్నాయా, ఫుట్‌పాత్ ఎక్కడిదాకా ఉంది, లైబ్రరీ తెరిచి ఉందా, అందులో పిల్లల కోసం కథల గంట ఉందా. ఐరిష్ ఊళ్లలో లైబ్రరీ ఉచితం, వెచ్చగా ఉంటుంది, ఎవరూ ఏమీ కొనమనరు. నా మొదటి చలికాలాన్ని కాపాడింది అదే.

ఏడో అడుగు: మనవాళ్లు, కరివేపాకు, భద్రత

2022 లెక్కల్లో భారత పౌరులు 45 వేలకు పైన ఉన్నారు, ఆ తర్వాత ఇంకా పెరిగారు. తెలుగువాళ్లు ఎక్కువగా కనిపించేది డబ్లిన్ పడమటి అంచుల్లో: లూకన్, ఆడమ్స్‌టౌన్, సిటీవెస్ట్, బ్లాంచర్డ్స్‌టౌన్, ఓంగర్. బతుకమ్మ, సంక్రాంతి, ఉగాది ఎక్కువగా ఆ చుట్టుపక్కల హాళ్లలోనే జరుగుతాయి. గుడికి వెళ్లాలంటే వాకిన్స్‌టౌన్ ఉంది.

బయటి ఊళ్లకు నా దగ్గర ఒక చిట్కా ఉంది: పెద్ద ఆసుపత్రి ఉన్న ఊరిని చూడండి. ఆసుపత్రి ఉంటే మలయాళీ నర్సులుంటారు. మలయాళీలుంటే ఇండియన్ కొట్టు ఉంటుంది, కరివేపాకు, మునక్కాయలు, ఇడ్లీ బియ్యం దొరుకుతాయి. గోంగూర కోసం మాత్రం ఇంకా డబ్లిన్ వెళ్లాల్సిందే, లేదా పెరట్లో వేసి దేవుణ్ని నమ్ముకోవాల్సిందే.

భద్రత గురించి దాచిపెట్టి రాయడం నాకిష్టం లేదు. 2025 వేసవిలో డబ్లిన్‌లో భారతీయుల మీద వరుసగా దాడులు జరిగాయి. ఆగస్టు 1న భారత రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెప్తూ ప్రకటన ఇచ్చింది, ముఖ్యంగా నిర్మానుష్యమైన చోట్లకు వేళ కాని వేళల్లో వెళ్లొద్దని. అంతమాత్రాన ఐర్లాండ్ అంతా అలా ఉందని కాదు. మా పక్కింటి ముసలావిడ ఆ వారం కేకు చేసి తెచ్చి, మా చేతులు పట్టుకుని 'సారీ' అని ఏడ్చింది. కానీ ఒకే నగరంలో రెండు పేటల మధ్య తేడా ఉంటుంది. ఇల్లు చూసే ఊళ్లో శుక్రవారం రాత్రి పదింటికి స్టేషన్ నుంచి ఇంటిదాకా నడిచి చూడండి. అక్కడే ఉంటున్న ఇద్దరు ముగ్గురు భారతీయ మహిళలను అడగండి. మగవాళ్లు 'ఏం కాదు' అంటారు, ఆడవాళ్లు ఏ వీధిలో వెళ్లరో చెప్తారు.

ఎనిమిదో అడుగు: ఇప్పుడు ఊళ్ల పేర్లు

ఇది నా అభిప్రాయం, మీ ఉద్యోగాన్ని బట్టి మార్చుకోండి.

డబ్లిన్ ఆఫీసు, ఇంట్లో చిన్న పిల్లలు ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది మేనూత్. యూనివర్సిటీ ఊరు కాబట్టి వీధులు బతికి ఉంటాయి, స్టేషన్ ఊళ్లోనే ఉంది, కాలువ గట్టు మీద బండి తోసుకుంటూ ఎంత దూరమైనా నడవొచ్చు. భార్యాభర్తల్లో చదువుకోవాలనుకునే రెండోవాళ్లకు కాలేజీ గుమ్మం ముందే. అద్దెలు మాత్రం డబ్లిన్‌తో పోటీ పడతాయి, సెప్టెంబర్‌లో విద్యార్థుల మధ్య ఇల్లు దొరకదు.

ద్రోహెడా నాకు అన్నిటికంటే లెక్క సరిపోయిన ఊరు. రైలుని బట్టి నగరం నడిబొడ్డుకి ముప్పావుగంట అటూ ఇటూ, సొంత ఆసుపత్రి, నడిచి తిరగగలిగే పాత బజారు, పక్కనే సముద్రం. కొంచెం గరుకుగా ఉంటుంది, కొన్ని పేటలు చూసి ఎంచుకోవాలి. స్టేషన్ కొండ మీద ఉంది, వానలో ఎక్కేటప్పుడు నన్ను తిట్టుకోకండి.

నేస్, న్యూబ్రిడ్జ్ కారు ఉన్నవాళ్లకు సుఖం. పోర్ట్‌లీష్, మలింగార్ ఇల్లు కొనే శక్తి ఇస్తాయి, ప్రతిగా రోజూ గంటల ప్రయాణం పుచ్చుకుంటాయి. వారానికి రెండు రోజులే ఆఫీసైతే సరే, ఐదు రోజులైతే వద్దు. అథ్లోన్ దేశానికి దాదాపు మధ్యలో ఉంది, షానన్ నది ఒడ్డున అందంగా ఉంటుంది. అక్కడే ఉద్యోగముంటే చక్కటి ఊరు, డబ్లిన్‌కి రోజూ తిరగడానికి కాదు.

కార్క్ వెళ్లేవాళ్లు నగరంలోనే ఉండాలని లేదు. కోవ్, మిడిల్టన్, మాలో ఊళ్లకు కార్క్ నుంచి లోకల్ రైలు ఉంది, ఇది డబ్లిన్ బయట అరుదైన సౌకర్యం. మిడిల్టన్ 2023 అక్టోబర్‌లో బాబెట్ తుఫానుకి మునిగింది, కాబట్టి వీధి వీధీ చూసుకోండి. డగ్లస్, బాలిన్‌కాలిగ్ పెద్ద శివార్లు, బస్సులున్నాయి, కొట్లున్నాయి. కార్క్ వాళ్ల యాసకి చెవి అలవాటు పడటానికి ఆర్నెల్లు పడుతుంది, గోదావరి యాసలాగా సాగదీస్తారు.

లిమరిక్‌కి పాత చెడ్డపేరు ఇంకా వదల్లేదు. అందువల్లే జీతంతో పోలిస్తే అద్దె తట్టుకోగలిగేలా ఉంది. యూనివర్సిటీ ఉన్న క్యాసిల్‌ట్రాయ్ వైపు మన కుటుంబాలు చాలా ఉన్నాయి. గాల్వే అంటే అందరికీ ప్రేమే, నాకూ. కానీ ఊరు దాటడానికి ఒక గంట, ఇల్లు దొరకడానికి ఒక యుగం. ఒరన్‌మోర్, అథెన్‌రైలలో స్టేషన్లున్నాయి, అక్కడ చూడండి. వాటర్‌ఫర్డ్, కిల్‌కెనీ నిదానమైన, నడవగలిగే ఊళ్లు. ఇంటి నుంచే పనిచేసేవాళ్లు వీటిని ఎందుకు పట్టించుకోరో నాకు తెలియదు.

ఇక వెస్ట్‌పోర్ట్. 2012లో ఐరిష్ టైమ్స్ పత్రిక దేశంలో నివసించడానికి ఉత్తమమైన ఊరుగా దాన్ని ఎంపిక చేసింది. వెళ్లి చూశాం, ఆ పేరుకి తగిన ఊరే. డబ్లిన్‌కి రైల్లో మూడు గంటలు పైనే. మా ఆయన ఆఫీసుకి, నా ఉద్యోగానికి, పాప స్నేహాలకి అక్కడ చోటు లేదు. సెలవులకు మాత్రం ఏటా వెళ్తాం.

తొమ్మిదో అడుగు: కొనేముందు

ఒక చలికాలమైనా ఆ ఊళ్లో అద్దెకుండండి. మొదటిసారి కొనేవాళ్లకు బ్యాంకులు మామూలుగా ఏడాది ఆదాయానికి నాలుగు రెట్లదాకా ఇస్తాయి, పది శాతం మీరు పెట్టుకోవాలి. కొత్త ఇల్లైతే హెల్ప్ టు బై అనే ప్రభుత్వ పథకం కింద 30 వేల యూరోలదాకా వెనక్కి వచ్చే వీలుంది. ఆ వీధిలో ఇళ్లు ఎంతకు అమ్ముడయ్యాయో 2010 నుంచి ప్రభుత్వ రిజిస్టర్‌లో ఎవరైనా చూడొచ్చు. ఏజెంట్ చెప్పే ధరకంటే ముందు అది చూడండి.

డొనెగాల్, మేయోలలో కొంటుంటే గోడ బ్లాకుల సంగతి తప్పకుండా అడగండి. అక్కడ మైకా లాంటి ఖనిజాలు కలిసిన నాసిరకం బ్లాకులతో కట్టిన వేలాది ఇళ్లు బీటలు వారి, ప్రభుత్వం పరిహార పథకమే పెట్టాల్సి వచ్చింది. లెటర్‌కెనీలో ధర చవకగా కనిపిస్తే కారణం అదీ కావచ్చు. ఉత్తర డబ్లిన్, మీత్, కిల్డేర్‌లలో ఇదే తరహా గొడవ పైరైట్ అనే ఖనిజంతో, నేల కింద పోసిన రాళ్లలో. సొంతంగా సర్వేయర్‌ని పెట్టుకోండి, అమ్మేవాళ్లు ఇచ్చిన కాగితాన్ని నమ్మకండి. నేలలోంచి ఇంట్లోకి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు మ్యాప్‌లో ఇంటి ఎయిర్‌కోడ్ (ఇక్కడి పిన్‌కోడ్) కొడితే ఆ ప్రాంతం సంగతి తెలుస్తుంది. వరద మ్యాప్ కూడా అలాగే ఉచితం.

మేం రెండో ఇంటికి మారే ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం, కారు తీసుకోకుండా, ముగ్గురం ఆ ఊరికి రైల్లో వెళ్లాం. స్టేషన్ నుంచి ఇంటి గుమ్మందాకా బండి తోసుకుంటూ నడిచాను. పద్నాలుగు నిమిషాలు. దారిలో ఒక కొట్లో పాల ప్యాకెట్ కొన్నాను. ఫుట్‌పాత్ ఎక్కడా ఆగలేదు.